నీటిబుడగలు, నరాల బలహీనత: యువత ఆరోగ్యాన్వేషణలో తెలుగు భాష - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు యువతీయువకులు శరీరానికి, మనసుకు సంబంధించిన సందేహాలను నానాటికీ ఎక్కువగా ఫోన్ తెరమీదే తీర్చుకుంటున్నారు. దీనిపై జరిగే చర్చ సాధారణంగా దొరికిన సమాచారం నిజమా, అబద్ధమా అన్నచోట ఆగిపోతుంది. అడిగే వాక్యం, జవాబుగా దొరికే వాక్యం - ఈ రెండింటి నిర్మాణంలోనే అపార్థానికి తావు ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పత్రికల ప్రశ్నోత్తర శీర్షికల సంప్రదాయాన్ని నేపథ్యంగా తీసుకుని, 'నీటిబుడగలు', 'రక్తం తక్కువ', 'నరాల బలహీనత' వంటి వాడుకమాటలను, '-తుంది', '-వచ్చు', '-తే చాలు' వంటి క్రియానిర్మాణాలను విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య సమాచారం, యువత, అంతర్జాలం, ప్రశ్నోత్తర శీర్షికలు, పరిభాష, తద్ధర్మార్థకం, రూపకం

1. ఉపోద్ఘాతం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కల ప్రకారం 15-49 ఏళ్ల మధ్య వయసువారిలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21.0 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషుల్లో ఈ సంఖ్యలు వరసగా 48.8, 57.9 శాతం. కోవిడ్ కాలపు ఆన్‌లైన్ తరగతుల తరువాత ఫోన్ చేతికందని విద్యార్థి అరుదయ్యాడు కనుక నేడు ఈ అంకెలు ఇలాగే ఉంటాయనుకోలేం. కాని స్త్రీపురుషుల మధ్య ఆ సర్వే చూపిన ఎడం మన విషయానికి ముఖ్యమైనది. చాలా ఇళ్లలో అమ్మాయి చేతిలోని ఫోన్ ఆమెది కాదు, తండ్రిదో, అన్నదో. ఆమె వెతికిన మాట ఆ ఫోన్‌లో మిగిలిపోతుంది. మరొకరి కంట పడవచ్చునన్న ఎరుకతో అడిగే ప్రశ్న పొట్టిగా, ముసుగు వేసుకుని, వెంటనే చెరిపేయడానికి వీలుగా ఉంటుంది. ఆరోగ్యాన్వేషణను సాంకేతిక నైపుణ్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూసేవారు ఈ ముసుగును పట్టించుకోరు. సాహిత్య విద్యార్థికి అది పట్టించుకోవలసిన అంశం; ధ్వనినీ వ్యంగ్యార్థాన్నీ చదవడం అతని చదువులో భాగం.

అంతర్జాలంలోని ఆరోగ్యరచనను వైద్యులు విమర్శించారు, చట్టం కొంత పట్టించుకున్నది. 1954 నాటి మందులు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నేటికీ అమలులో ఉంది. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారత ప్రకటన ప్రమాణాల మండలి ఆరోగ్యసలహాలిచ్చే ఇన్‌ఫ్లూయెన్సర్ల అర్హతల వెల్లడిపై మార్గదర్శకాలు విడుదల చేశాయి. ఇవి అవసరమే. అయితే ఆ రచన తెలుగు వాక్యంగా ఎలా పనిచేస్తున్నదో చూసే పని తెలుగు శాఖలది. ఈ వ్యాసంలో ఉదాహరణలుగా చూపిన శోధనవాక్యాలు, శీర్షికలు ఏ ఒక్క వ్యక్తి నుంచో, సంస్థ నుంచో ఎత్తి రాసినవి కావు. తరచుగా ఎదురయ్యే నిర్మాణాలకు అవి నమూనాలు మాత్రమే.

2. ఉత్తరం నుంచి శోధనపదం దాకా

తెలుగులో ఆరోగ్యసమాచారానికి, ఆరోగ్యవ్యాపారానికి మొదటినుంచీ చుట్టరికం ఉంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావే 1908లో అదే నగరం నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దానిని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు మీద వచ్చిన ఆదాయం తెలుగు పత్రికారచనకు పునాది వేసిందనడం అతిశయోక్తి కాదు. స్త్రీల కోసం 'లోధ్ర' అనే మందు తయారుచేసిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించారు. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు ఆ పత్రికలోనే వెలువడ్డాయి. కాబట్టి మందు అమ్మేవాడే సలహా చెబుతున్నాడని నేటి వీడియోల గురించి వాపోయేవారు ఈ చరిత్రను ఒకసారి గుర్తుచేసుకోవాలి. వ్యాపారం ఉండడం కొత్త సంగతి కాదు. వ్యాపారానికి, సలహాకు మధ్య పేజీలో కనిపించే గీత చెరిగిపోవడం కొత్తది.

ఇంతకన్నా ముఖ్యమైన మార్పు ప్రశ్న రూపంలో వచ్చింది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీచందూర్ దశాబ్దాలపాటు నిర్వహించిన ప్రమదావనం, స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం ఇచ్చిన జవాబులు రెండు మూడు తరాల పాఠకులకు పరిచితాలు. ఒకరు రచయిత్రి, ఒకరు వైద్యులు. ఒకరిది ఇంటిలోని పెద్ద ముత్తైదువ చనువు; మరొకరిది విజయవాడ హేతువాద కుటుంబంలో పెరిగిన వైద్యుని నిర్మొహమాటం. స్వరాలు వేరైనా ఆ శీర్షికలకు వచ్చే ప్రశ్న సాధారణంగా ఉత్తరం. ఉత్తరం రాసే మనిషి తన వయసు చెప్పాలి, పెళ్లయినదో లేదో చెప్పాలి, బాధ ఎప్పుడు మొదలైందో, మధ్యలో ఏం చేశారో, ఎవరు ఏమన్నారో చెప్పి, ఆ తరువాతే అడగాలి. అంటే ప్రశ్న కంటే ముందు ఒక చిన్న కథనం నడవాలి. ఆ కథనం రాయడంలోనే బాధకు ఒక కాలక్రమం ఏర్పడుతుంది. వైద్యశాస్త్రం దీనినే రోగచరిత్ర అంటుంది.

శోధనపెట్టెకు కథనం అక్కరలేదు. 'నెలసరి రాకపోతే ఏం చేయాలి' అన్న నాలుగు మాటలు చాలు. తెలుగు వ్యాకరణం దీనికి తోడ్పడుతుంది కూడా. శరీరానుభవాలను తెలుగు చతుర్థీవిభక్తితో చెబుతుంది: నాకు జ్వరంగా ఉంది, నాకు భయమేస్తోంది, నాకు కళ్లు తిరుగుతున్నాయి. అనుభవించేవారు వాక్యంలో కర్త స్థానంలో ఉండరు, 'కు' ప్రత్యయంతో ఒక పక్కన ఉంటారు. అందువల్ల 'నాకు' అన్న మాటను తీసివేసినా వాక్యం చెక్కుచెదరదు. శోధనవాక్యంలో మొదట రాలిపోయేది ఈ 'నాకు'. దానితోపాటే వయసు, కాలం, చరిత్ర రాలిపోతాయి. మిగిలినది ఎవరికైనా వర్తించే ప్రశ్న. దానికి దొరికేది ఎవరికైనా వర్తించేలా రాసిన జవాబు.

పాత శీర్షికల మీద అనవసరపు మమకారం పెంచుకోనక్కరలేదు. అచ్చయ్యే ఉత్తరం సంపాదకుల జల్లెడలో నిలిచినది. జవాబు వచ్చేసరికి వారాలు గడిచేవి. ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు. ఊళ్లో పోస్టుమాన్‌కు తెలిసిపోతుందన్న భయం ఈనాటి అన్న ఫోన్ భయానికి తక్కువేమీ కాదు. అయినా ఒక సుగుణం మాత్రం కాదనలేనిది. జవాబు చెప్పేవారు ముందుగా ఒక మనిషి రాసిన పేరా చదివేవారు.

3. 'నీటిబుడగలు': ఒక అనువాదం కథ

కథనం రాలిపోవడం వల్ల కలిగే నష్టం ఎంతటిదో తెలియాలంటే పీసీఓఎస్ ఉదాహరణను కాస్త వివరంగా చూడాలి. తెలుగు పత్రికల్లో, వీడియోల్లో, ఆసుపత్రి కరపత్రాల్లో ఈ స్థితికి స్థిరపడిన మాట 'అండాశయంలో నీటిబుడగలు'. వినడానికి సులువైన మాట, బొమ్మ కట్టే మాట. ఇబ్బంది కూడా ఆ బొమ్మతోనే.

1935లో స్టెయిన్, లెవెంథాల్ అనే వైద్యులు ఈ స్థితిని వర్ణించినప్పటినుంచి ఇంగ్లీషు పేరులో 'సిస్ట్' అన్న మాట అతుక్కుని ఉంది. నిజానికి స్కానింగులో కనిపించేవి తిత్తులు కావు. పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండపుటికలు. 2 నుంచి 9 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే ఇవి ఒక్కో అండాశయంలో 12 లేదా అంతకు మించి ఉంటే లెక్కలోకి తీసుకోవాలని 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాలు చెప్పాయి. యంత్రాలు మెరుగై ఆరోగ్యవంతుల్లోనూ అన్ని కనిపించడంతో 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ సంఖ్యను 20కి పెంచాయి. అంటే 'బుడగలు ఉన్నాయా, లేవా' అన్నది ఒక లెక్కింపు ఒడంబడిక మీద ఆధారపడిన విషయం. పేరే దృష్టిని తప్పుదారి పట్టిస్తోందని, దానిని మార్చాలని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం సిఫారసు చేసింది. మూలంలోనే తప్పుదారి పట్టించే పేరును మనం మరింత దృశ్యాత్మకం చేసి తెలుగులోకి తెచ్చుకున్నాం.

నీటిబుడగ అన్న నామం స్థిరపడగానే క్రియ దానంతట అదే వస్తుంది. బుడగ పగలాలి, లేదా కరగాలి. తెలుగు ఆరోగ్యరచనలో 'కరుగు' ధాతువుకు ఉన్నంత గిరాకీ మరొకదానికి లేదు. కొవ్వు కరుగుతుంది, మూత్రపిండాల్లో రాయి కరుగుతుంది, గడ్డ కరుగుతుంది, ఇప్పుడు నీటిబుడగా కరుగుతుంది. క్రియ ఒకటే కాబట్టి మందూ ఒకటే అన్నట్టుగా మెంతుల నీళ్లు, నిమ్మరసం, దాల్చినచెక్క కషాయం ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు అలవోకగా మారుతుంటాయి. కాని పీసీఓఎస్‌లో కరగవలసిన వస్తువేదీ లేదు. అది హార్మోన్ల, ఇన్సులిన్ పనితీరు సమస్య. మధుమేహానికి, గర్భాశయపు లోపొర వ్యాధులకు దారితీసే అవకాశం ఉన్నందువల్ల ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండవలసిన స్థితి. బుడగ కరిగిందని స్కానింగు చూపితే వ్యాధి పోయిందని భ్రమపడే ప్రమాదం ఈ మాటలో దాగి ఉంది.

రెండో చిక్కు కాలానిది. పెద్దవారిలో నిర్ధారణకు మూడు లక్షణాల్లో రెండు చాలు: అండం విడుదల క్రమం తప్పడం, పురుషహార్మోన్ల ప్రభావం, స్కానింగులో అండాశయాల రూపం. రజస్వల అయిన తొలి ఎనిమిదేళ్లలో మాత్రం స్కానింగును ఆధారంగా తీసుకోకూడదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యవంతమైన అండాశయమూ అలాగే కనిపించవచ్చు. నెలసరి మొదలైన మొదటి ఏడాది క్రమం తప్పడం సహజం. ఏడాది నుంచి మూడేళ్ల లోపు అయితే 45 రోజులు దాటిన, లేదా 21 రోజులకు ముందే వచ్చే నెలసరిని క్రమం తప్పినదిగా భావిస్తారు. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా ఒకసారి 90 రోజులు దాటితే వైద్యులకు చూపించాలి. ఇక్కడి ప్రతి వాక్యానికీ 'నెలసరి మొదలై ఎన్నాళ్లయింది' అన్నదే కీలకం. పదిహేనేళ్ల అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగిని ఒకే నాలుగు మాటలు టైపు చేస్తే ఇద్దరికీ ఒకే 'నీటిబుడగల' వ్యాసం తెరుచుకుంటుంది. మొదటి అమ్మాయికి లేని జబ్బు అంటుకుంటుంది. ఆమె పెళ్లి గురించి, పిల్లల గురించి ఇంట్లో దిగులు మొదలవుతుంది. పాత ఉత్తరంలోని మొదటి వాక్యం, 'నా వయసు పదిహేను', ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

దీనికి బదులు ఏ మాట వాడాలి? పాఠ్యపుస్తకాల్లో 'బహుకోశ అండాశయ' వంటి సమాసాలు ఉన్నాయి. వాటిని ఏ అమ్మాయీ వెతకదు. పైగా 'కోశం' కూడా తిత్తి అన్న అర్థాన్నే మోస్తుంది. 'పీసీఓఎస్' అన్న నాలుగక్షరాలనే ఉంచి, పక్కన 'ఎదగకుండా ఆగిన అండాలు' అని ఒక్క మాట వివరణగా చేర్చడం నా దృష్టిలో మేలు. పరిభాష నిర్మాణంలో సంస్కృత సమాసం ఒక దారి, అరువుమాట ఒక దారి అని మనం పాఠాల్లో చెబుతుంటాం. మూడోదైన రూపకపు దారి అన్నిటికన్నా జనప్రియమైనదని, ప్రమాదకరమైనది కూడా అదేనని చెప్పడం మరిచిపోతుంటాం.

4. రక్తం, నరం, ధాతువు

ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 'రక్తహీనత' పుస్తకాల మాట. ఇళ్లలో 'రక్తం తక్కువ' అంటారు, 'ఒంట్లో రక్తం లేదు' అంటారు. తక్కువైనది రక్తం కాదు, రక్తంలోని హిమోగ్లోబిన్. మాట రక్తం పరిమాణం వైపు మళ్లింది కనుక జవాబు రక్తం 'పట్టించే' పదార్థాల వైపు మళ్లింది. అందులో అగ్రస్థానం బీట్‌రూట్‌ది, ఆ తరువాత దానిమ్మది. రెండూ ఎర్రనివి. రంగు సామ్యమే ఇక్కడ వైద్యప్రమాణమై కూర్చుంది. అలంకారశాస్త్రంలో ఉపమకు సాధారణధర్మం చాలు, శరీరానికి చాలదు. నూరు గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఎర్రగా లేని తోటకూర, ఉలవలు, రాగులు ఆ చిత్రాల్లో వెనక వరసలో ఉంటాయి.

ఇంతకూ బడిలో వారానికొకటి ఇచ్చే మాత్ర నీలిరంగుది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఇచ్చే ఈ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది మింగిన తరువాత మలం నల్లబడుతుంది. ఇనుము వల్ల అలా జరగడం మామూలే, భయపడనక్కరలేదు. ఈ ఒక్క ముక్క ఎవరూ ముందుగా చెప్పకపోతే అమ్మాయి భయపడి మాత్ర మానేయవచ్చు. టీతోపాటు వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదన్నదీ చెప్పవలసిన మాటే. 'రక్తం పెరగాలంటే' అన్న శీర్షికల కింద బీట్‌రూట్ రసం తయారీ ఉన్నంత వివరంగా ఈ రెండు సంగతులూ ఉండడం అరుదు.

అబ్బాయిల వైపు ఇదే పని చేసే మాట 'నరాల బలహీనత'. తెలుగులో 'నరం' అంటే నాడీతంతువు, రక్తనాళం, కండర - మూడూను. చేతి మీద తేలినదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే, బెణికినప్పుడు పట్టేసేదీ నరమే. ఈ అనేకార్థత మీద ఒక వ్యాపారం నిలబడింది. ఒకప్పుడు బస్టాండు గోడల మీద, రైలు కట్టల పక్కన కనిపించిన ఆ మాట నేడు వీడియోల ముఖచిత్రాల మీదికి ఎక్కింది. చదివేవాడికి దాని అసలు అర్థం లైంగిక బలహీనత అని తెలుసు; రాసేవాడికీ తెలుసు; ఇద్దరూ తెలియనట్టు నటిస్తారు. ఆధునిక వైద్యంలో ఆ పేరుతో ఒక జబ్బు లేదు. దానికి తోబుట్టువు 'ధాతునష్టం'. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి ధాతువు అంటే క్రియామూలం. ఆయుర్వేదంలో ఏడు ధాతువులలో చివరిది శుక్రం. అది నష్టమైతే ప్రాణశక్తి పోతుందన్న భయం ఈ దేశపు యువకులలో ఎంత ప్రబలమంటే, 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ దానికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టవలసి వచ్చింది. జబ్బు లేదు, భయం ఉంది. ఆ భయం నుంచి వచ్చే నీరసం, నిద్రలేమి నిజమైనవి. సమరం రచనల్లో పెద్ద భాగం ఈ భయాన్ని తీసివేయడానికే సరిపోయింది. ఆయన చేసిన పని వైద్యం ఎంతో భాషావిమర్శ కూడా అంతే: హస్తప్రయోగం వల్ల నష్టం లేదన్న ముక్కను మర్యాదమాటల చాటున దాచకుండా చెప్పడం.

మర్యాదమాట ఎవరికి మేలు చేస్తుంది? సవాయి, కొరుకు, సెగ అని వెనకటివారు పేరు పెట్టి పిలిచిన జబ్బులను తరువాతి తరం 'సుఖవ్యాధులు' అన్నది. తెలుగులో ఇంతకన్నా క్రూరమైన సమాసం మరొకటి ఉంటుందా అనిపిస్తుంది. ఆ మాటలో తీర్పు ముందే ఉంది: సుఖపడ్డావు, అనుభవించు. భర్త నుంచి వ్యాధి సోకిన ఇల్లాలు ఆ మాట టైపు చేయగలదా? తెల్లబట్ట అవుతోందని మాత్రమే వెతుకుతుంది. అది మామూలే, వేడి చేసిందన్న జవాబు దొరుకుతుంది.

5. '-తుంది', '-వచ్చు', '-తే చాలు'

ఇంతవరకు నామవాచకాలను చూశాం. మోసం అనదగినది ఎక్కడైనా ఉంటే అది క్రియలో ఉంది.

బాలవ్యాకరణం భవిష్యత్తును, తద్ధర్మార్థకాన్ని వేరుచేసి చూపింది. చిన్నయసూరి విభాగం ప్రకారం ఒకటి జరగబోయేది, మరొకటి స్వభావసిద్ధంగా జరిగేది. ఆధునిక వ్యవహారంలో ఈ రెండూ '-తుంది' రూపంలో కలిసిపోయాయి. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అన్నప్పుడు తద్ధర్మం, 'రేపు మామయ్య వస్తాడు' అన్నప్పుడు భవిష్యత్తు. ఇంటిమాటల్లో సందర్భం అర్థాన్ని తేలుస్తుంది కనుక ఇబ్బంది లేదు. ఆరోగ్యవాక్యంలో మాత్రం ఇబ్బంది పెద్దది. 'ఇది తాగితే షుగర్ తగ్గుతుంది' అన్న వాక్యం రాసినవాడు ప్రశ్నిస్తే తద్ధర్మాన్ని ఆశ్రయిస్తాడు: సాధారణంగా కొందరిలో తగ్గే స్వభావం ఉందన్నాను, అంతే కదా. చదివినవాడు భవిష్యత్తుగానే అందుకుంటాడు: నాకు తగ్గుతుంది. పరిశోధనల్లో సగటుగా, పరిమితంగా కనిపించే ఫలితం ఒక్క ప్రత్యయం దాటేసరికి వ్యక్తికి ఇచ్చిన మాట అయిపోతుంది. అబద్ధం ఎక్కడా చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు.

జాగ్రత్తగల అనువాదకులు దీనికి విరుగుడుగా '-వచ్చు' వాడతారు. 'తగ్గవచ్చు' అంటే సంభావ్యత చక్కగా పలుకుతుంది. అయితే '-వచ్చు' అనుమతిని కూడా చెబుతుంది. 'రేపు వాన రావచ్చు' సంభావ్యత. 'మీరు లోపలికి రావచ్చు' అనుమతి. కర్త అచేతనమైతే మొదటి అర్థం, చేతనమైతే తరచు రెండోది. కాబట్టి 'ఈ మాత్ర జ్వరం తగ్గించవచ్చు' అన్నది సంభావ్యత కాగా, 'జ్వరానికి ఈ మాత్ర వాడవచ్చు' అన్నది అనుమతి అవుతుంది. ఇంగ్లీషు మూలంలో కొన్ని సందర్భాల్లో వాడుతుంటారన్న సమాచారం మాత్రమే ఉన్నచోట తెలుగులో వాడుకోమన్న సెలవు వినబడుతుంది. 'కొందరు వైద్యుల సలహాతో వాడుతుంటారు' అని నాలుగు మాటలు ఎక్కువ రాస్తే ఈ చిక్కు ఉండదు. ఆ నాలుగు మాటలకు శీర్షికలో చోటుండదన్నది వేరే సంగతి.

శీర్షికలో చోటు '-తే చాలు'కు ఉంటుంది. 'రోజూ రెండు తింటే చాలు', 'ఈ ఒక్క ఆకు నమిలితే చాలు'. చేదర్థకం మీద 'చాలు' చేరినప్పుడు తక్కిన షరతులన్నీ రద్దవుతాయి. పథ్యం, పరీక్ష, వైద్యుడు, ఖర్చు - ఇవేవీ అక్కరలేదన్నదే 'చాలు' అర్థం. డబ్బూ సమయమూ లేని హాస్టలు విద్యార్థికి ఈ రెండక్షరాలు ఎంత ఊరటనిస్తాయో ఊహించవచ్చు. అతని అమాయకత్వాన్ని ఎగతాళి చేసేముందు అతని జేబును చూడాలి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంపిణీ చేసిన కోవిడ్ మందు కోసం వేలమంది ఆ ఊరికి చేరినప్పుడు, వారి ఎదుట ఆసుపత్రి పడకల కొరత కూడా ఉంది. నమ్మకాన్ని అజ్ఞానంగా మాత్రమే చదివితే ఆ దృశ్యంలో సగమే కనిపిస్తుంది.

ఇక కర్త మాయమయ్యే వాక్యాలు. 'అధ్యయనాల్లో తేలింది', 'నిపుణులు చెబుతున్నారు'. 'తేలు' అకర్మక క్రియ. తేల్చినవారు ఎవరో చెప్పనక్కరలేదు. ఏ అధ్యయనం, ఎంతమంది మీద, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలనూ ఆ క్రియ ముంచేసి తాను పైకి తేలుతుంది. వ్యాసమంతా ఇలా సాగి, చివరి పంక్తిలో ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమేనన్న గమనిక కనిపిస్తుంది. పై వాక్యాలన్నీ తాగండి, తినండి, రాయండి అన్న విధ్యర్థకాలు. చివరి వాక్యం ఒక్కటే అవగాహన. వ్యాకరణం చేసిన పనిని గమనిక రద్దు చేయలేదు.

2022 నవంబరు తరువాత చాట్‌జీపీటీ వంటి సంభాషణ యంత్రాలు వచ్చాక యువత అడిగే చోటు మరోసారి మారింది. ఇక్కడ ఒక లాభం ఉంది: ఉత్తరం మళ్లీ సాధ్యమయింది. వయసు, చరిత్ర, భయం అన్నీ రాసి అడగవచ్చు, ఎదురు ప్రశ్నా వేయించుకోవచ్చు. నష్టం భాషాపరమైనది. ఇదివరకు యంత్రానువాదపు తెలుగు ఎగుడుదిగుడుగా ఉండేది. ఆ కర్ణకఠోరత్వమే పాఠకుణ్ణి హెచ్చరించేది. ఇప్పుడు తప్పూ ఒప్పూ ఒకే నునుపైన శిష్టవ్యావహారికంలో, 'మీరు' అన్న ఒకే మర్యాదతో వస్తాయి. శైలి బాగుంటే విషయం బాగున్నట్టేనని మనం విద్యార్థులకు తెలిసో తెలియకో నేర్పిన పాఠం ఇక్కడ వారికి అడ్డం వస్తుంది.

6. మనాది, రంది, డిప్రెషన్

మనసుకు సంబంధించిన మాటల్లో సమస్య తలకిందులవుతుంది. శరీరానికి తెలుగు మాటలు తప్పుదారి పట్టిస్తే, మనసుకు ఉన్న మంచి తెలుగు మాటలను మనం వదిలేసుకున్నాం.

దినపత్రికలు 'కుంగుబాటు' అన్నాయి, పాఠ్యపుస్తకాలు 'వ్యాకులత' అన్నాయి, విద్యార్థులు 'డిప్రెషన్' అంటున్నారు. తెలంగాణలో రంది, మనాది, బుగులు ఉన్నాయి; కోస్తాలో బెంగ, దిగులు ఉన్నాయి. ఇవి పర్యాయపదాలు కావు. రంది రేపటి గురించిన చింత. బుగులులో భయం ఎక్కువ, గుండెదడ ఎక్కువ. బెంగ దూరమైన మనిషి కోసం. హాస్టల్లో చేరిన పిల్లవాడికి మొదటి వారం పట్టేది. ఇంత సున్నితమైన వర్గీకరణ ఉన్న భాషలో సహాయం అడగడానికి మాత్రం ఒక్క ఇంగ్లీషు మాట మిగిలింది. అది కూడా పరీక్ష తప్పిన సాయంత్రానికీ, నెలల తరబడి నిద్రలేని స్థితికీ ఒకటే అయిపోయింది. మరోవైపు తెలుగు మాట పలికితే ఎర్రగడ్డ గుర్తుకొస్తుంది, చినవాల్తేరు గుర్తుకొస్తుంది. ఆసుపత్రి ఉన్న పాపానికి ఊరిపేర్లే తిట్లయ్యాయి.

'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అన్న పత్రికావాక్యం ఈ సందర్భంలో తప్పక చూడవలసినది. దోపిడీకి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు, అఘాయిత్యానికి పాల్పడతారు. 'పాల్పడు' నేరం చేసినవారి క్రియ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెప్పింది. ఆ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. చట్టం వదిలేసిన నేరాన్ని తెలుగు క్రియ ఇంకా పట్టుకుని ఉంది. అర్ధరాత్రి ఆ మాట వెతికిన పిల్లవాడికి ముందుగా ఎదురయ్యేది అలాంటి వార్తలైతే, తన ఆలోచన గురించి అతనికి దొరికే మొదటి తెలుగు వాక్యం ఒక నేరారోపణ. 'ప్రాణం తీసుకున్నారు' అని రాయడానికి పత్రికలకు అడ్డేమీ లేదు.

కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ సహాయవాణి, 14416, ప్రాంతీయ భాషల్లో మాట్లాడుతుంది. అక్కడ తెలుగులో ఫోన్ ఎత్తేవారికి ఇచ్చే శిక్షణలో మన మాండలికపదకోశాలకు చోటు ఉండాలి. ఒక తల్లి తన కూతురు మనాది పెట్టుకుందని చెబితే ఆ మాటలో జబ్బుతోపాటు దాని మూలం కూడా ఉంటుంది: మనాది ఎప్పుడూ ఒకరి మీదనో, ఒకదాని మీదనో ఉంటుంది. 'డిప్రెషన్' అన్నప్పుడు 'ఎవరి మీద' అన్న ప్రశ్న రాదు. మనాది అన్నప్పుడు విన్నవారు ఆ ప్రశ్న అడగకుండా ఉండలేరు.